కామినో నడిచాక ఇంటికి ఎలా? సాంటియాగో నుంచి చవకగా తిరిగొచ్చే దారుల పోలిక

స్పెయిన్‌లో కామినో అనే తీర్థయాత్ర నడకకు బయల్దేరేవాళ్లు బూట్ల గురించి, సంచి బరువు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. తిరుగు ప్రయాణం మాత్రం "అక్కడికెళ్లాక చూసుకుందాంలే" అని వదిలేస్తారు. ఆ నడక ముగిసే సాంటియాగో డి కంపోస్టెలా కేథడ్రల్ ఎదుట ఒబ్రదోయిరో చౌకులో ఏ మధ్యాహ్నం చూసినా ఇలాంటివాళ్లు కనిపిస్తారు. బూట్లు విప్పి, సంచికి వీపు ఆనించి, రాతి నేల మీద కూర్చుని ఫోన్లో టికెట్ల రేట్లు వెతుక్కుంటూ ఉంటారు. అంత దూరం నడిచొచ్చిన మనిషికి ఆ గంటలో ఆ టెన్షన్ ఉండకూడదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు మాడ్రిడ్‌కు రానుపోను టికెట్ ఒకేసారి కొనుక్కోవాలి. తిరుగు తేదీని, నడక ముగుస్తుందనుకున్న రోజుకు మూడు నాలుగు రోజుల తర్వాత పెట్టుకోవాలి. సాంటియాగో నుంచి మాడ్రిడ్ దాకా రైలో బస్సో నడక చివరి వారంలో చూసుకుంటే చాలు. యూరప్‌లోనే ఉంటున్నవాళ్లకు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు లెక్క మారుతుంది. అందుకని ముందు ఏమేం చూసుకోవాలో చెప్పి, తర్వాత ఒక్కో దారి సంగతికి వస్తాను.

## టికెట్ ధర కంటే ముందు చూడాల్సినవి

తేదీ. కామినోకు ఉన్న దారుల్లో ఒకటైన ఫ్రెంచ్ దారి అంటే ఫ్రాన్స్ సరిహద్దులోని సాన్-జాన్-పియె-ద-పోర్ నుంచి దాదాపు 780 కిలోమీటర్లు. ఎక్కువమందికి 30 నుంచి 35 రోజులు పడుతుంది. పాదంలో ఒక్క బొబ్బ పగిలినా, మోకాలు పట్టేసినా రెండు రోజులు ఆగిపోవాల్సిందే. తోడు నడిచేవాళ్లతో స్నేహం కుదిరి వాళ్లకోసం మెల్లగా నడవాలనిపించొచ్చు. ఉత్సాహం మీద నడిచి రెండు రోజులు ముందే చేరిపోయినా చేరిపోవచ్చు. చవక టికెట్లన్నీ తేదీ ముందే ఖాయం చేసుకున్నవాళ్లకే దొరుకుతాయి. నడిచేవాడి దగ్గర లేనిది సరిగ్గా అదే. కాబట్టి ప్రయాణంలో ఏ ముక్కను ముందే ఖాయం చేయాలి, ఏ ముక్కను చివరిదాకా వదిలేయాలి అన్నది తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

వీసా. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. ఇంగ్లిష్ సలహాల్లో ఇది ఉండదు, ఎందుకంటే వాటిని రాసేవాళ్లలో చాలామందికి ఆ అవసరం లేదు. స్పెయిన్, పోర్చుగల్, జర్మనీ లాంటి చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా మీద గడువు తేదీలతో పాటు ఎన్ని రోజులు ఉండొచ్చో కూడా రాసి ఉంటుంది. 35 రోజుల నడకకు 38 రోజుల వీసా వచ్చిందంటే చేతిలో వెసులుబాటు లేనట్టే. దరఖాస్తు చేసేటప్పుడే నడక రోజులు, ముందూ వెనకా ప్రయాణాలు, మూడు నాలుగు అదనపు రోజులు అన్నీ కలిపి ప్లాన్ రాసి ఇవ్వండి. ఇన్సూరెన్స్ కూడా ఆ అదనపు రోజులకు వర్తించేలా తీసుకోండి. ఇంకో మాట. మాడ్రిడ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వస్తుంటే, మీరు షెంజెన్ నుంచి బయటపడేది మాడ్రిడ్‌లో కాదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో. అక్కడ రాత్రి ఆగాల్సి వస్తే ఆ మర్నాడు కూడా మీ రోజుల్లోనే లెక్క.

మొత్తం ఖర్చు. 25 యూరోల విమానం టికెట్ చూసి మురిసిపోకూడదు. సంచికి వేరే డబ్బు, విమానాశ్రయానికి వెళ్లడానికి డబ్బు, తెల్లవారుజామున ఫ్లైట్ అయితే ముందు రాత్రి బసకు డబ్బు. అన్నీ కలిపి కాగితం మీద వేసుకుంటే రైలే చవక అని తేలిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఒంటి పరిస్థితి. నెల రోజులు నడిచిన కాళ్లకు వాపు ఉంటుంది. నడుస్తున్నప్పుడు తెలియని అలసట ఆగిన మర్నాడు ఒక్కసారిగా మీద పడుతుంది. రాత్రంతా బస్సులో కాళ్లు మడుచుకుని కూర్చోగలరా లేదా అన్నది ఇంట్లో సోఫాలో కూర్చుని తేల్చే విషయం కాదు.

## దారులు ఒక చూపులో

సాంటియాగోలో రైలు స్టేషన్, బస్ స్టేషన్ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నాయి. కొత్త బస్ స్టేషన్ 2021లో తెరిచారు. పాత సలహాల్లో కనిపించే సాన్ కయెతానో స్టాండ్‌ను నమ్ముకుని ఊరి అవతలకు వెళ్లకండి. కేథడ్రల్ నుంచి కొత్త స్టేషన్‌కు నడిచే వెళ్లొచ్చు.

| దారి | పట్టే సమయం | తేదీ మార్చుకునే వీలు | ఖర్చు తీరు |
|---|---|---|---|
| మాడ్రిడ్‌కు రైలు | సుమారు మూడు, మూడున్నర గంటలు | టికెట్ రకాన్ని బట్టి | ముందు తీసుకుంటే చాలా చవక, చివర్లో బాగా పెరుగుతుంది |
| మాడ్రిడ్‌కు బస్సు | 8 నుంచి 10 గంటలు | బాగానే ఉంటుంది | చివరి నిమిషంలోనూ భరించగలిగేదే |
| మాడ్రిడ్ లేదా బార్సిలోనాకు విమానం | గాల్లో గంట, గంటన్నర | చవక టికెట్‌కు దాదాపు లేదు | సంచి చార్జీతో కలిపి చూడాలి |
| పోర్టోకు బస్సు | సుమారు 4 గంటలు | బాగుంటుంది | తక్కువ |
| సాంటియాగో నుంచి నేరుగా వేరే దేశానికి విమానం | 2 నుంచి 3 గంటలు | దాదాపు లేదు | సీజన్‌ను బట్టి |

## మాడ్రిడ్‌కు రైలు

మాడ్రిడ్ నుంచి సాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతానికి వెళ్లే హైస్పీడ్ లైన్ 2021 డిసెంబర్‌లో అక్కడి ఓరెన్సె ఊరి దాకా పూర్తయింది. 2024లో కొత్త రైళ్లు వచ్చాక ప్రయాణం ఇంకా తగ్గింది. ఒకప్పుడు రాత్రంతా పట్టే దారి ఇప్పుడు పొద్దున టిఫిన్ చేసి ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు మాడ్రిడ్ చమార్తిన్ స్టేషన్. అక్కడి నుంచి సెర్కానియాస్ లోకల్ రైలు, సీ1 లైన్, బరాహాస్ విమానాశ్రయం టీ4 టెర్మినల్‌కు తీసుకెళ్తుంది. వేరే టెర్మినల్ అయితే విమానాశ్రయంలో ఉచిత బస్సు ఉంటుంది. స్టేషన్ బయటికొచ్చి టాక్సీ వెతుక్కునే పని లేదు.

స్పెయిన్ ప్రభుత్వ రైలు సంస్థ రెన్‌ఫే ఈ లైన్‌లో మామూలు హైస్పీడ్ రైళ్లతో పాటు అవ్లో అనే చవక రకం కూడా నడుపుతోంది. అవ్లోలో సామాను పరిమితి కచ్చితంగా ఉంటుంది గానీ కామినో సంచి ఒకటే కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు. చిక్కంతా ధరల్లో ఉంది. సంక్రాంతి ముందు హైదరాబాద్–విజయవాడ ప్రైవేట్ బస్సుల చార్జీలు ఎలా ఎగబాకుతాయో ఇవీ అలాగే, సీట్లు నిండేకొద్దీ పెరుగుతాయి. శుక్రవారం సాయంత్రం, ఆదివారం ఖరీదు. మంగళ, బుధవారాలు నయం.

మీరు ఏ రోజు చేరతారో నమ్మకంగా తెలిసేది దారిలోని సరియా అనే ఊరి దగ్గరికి వచ్చాకే. అక్కడి నుంచి సాంటియాగోకు 115 కిలోమీటర్ల లోపే, అయిదారు రోజుల నడక. రైలు టికెట్ కొనడానికి సరైన సమయం అదే. మరీ ముందు కొంటే తేదీ తప్పే ప్రమాదం, మరీ ఆలస్యమైతే ధర. మార్చుకునే వీలున్న టికెట్‌కు కాస్త ఎక్కువ ఇవ్వడానికి వెనకాడొద్దు.

రైలును నమ్మి అదే రోజు రాత్రి ఇండియా ఫ్లైట్ పెట్టుకోవద్దు. 2025 ఆగస్టులో అడవి మంటల వల్ల మాడ్రిడ్–గలీసియా రైళ్లు కొన్ని రోజుల పాటు ఆగిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ అంతటా కరెంటు పోయి రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఇవి రోజూ జరిగేవి కాదు. అయినా రైలు, విమానం వేర్వేరు టికెట్లయినప్పుడు రైలు ఆలస్యానికి విమానం కంపెనీ బాధ్యత తీసుకోదు. మాడ్రిడ్‌లో ఒక రాత్రి బస ఖర్చు, పోయిన ఇండియా టికెట్ ధర ముందు ఏపాటిది?

## మాడ్రిడ్‌కు బస్సు

ఆల్సా కంపెనీ బస్సులు పగలూ రాత్రీ ఉంటాయి. రాత్రి బస్సు ఎక్కితే ఒక రాత్రి బస ఖర్చు మిగిలినట్టే. విద్యార్థులకు, పాతికేళ్ల కుర్రాళ్లకు ఇది చక్కని ఎంపిక. చివరి రోజు దాకా ఏమీ కొనకుండా ఉండి, కేథడ్రల్‌లో పూజకు వెళ్లొచ్చి ఆ సాయంత్రమే టికెట్ తీసుకున్నా పెద్దగా నష్టపోని దారి ఇదొక్కటే. ఆగస్టులో, పండగ రోజుల్లో మాత్రం ఆ ధైర్యం చేయకండి.

యాభై దాటినవాళ్లకు, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు నేను రాత్రి బస్సు చెప్పను. అన్ని గంటలు కదలకుండా కూర్చుని, మళ్లీ ఇండియాకు సుదీర్ఘ విమానం అంటే ఒంటిని హింసపెట్టడమే. బస్సు చేరేది మాడ్రిడ్ దక్షిణాన మెందెస్ అల్వారో దగ్గరున్న ఎస్తాసియోన్ సుర్‌కు. అక్కడ మెట్రో, లోకల్ రైలు రెండూ ఉన్నాయి గానీ విమానాశ్రయం ఊరికి అటు చివర. దానికి ఇంకో గంట కేటాయించుకోండి.

## సాంటియాగో విమానాశ్రయం

ఊరికి తూర్పున లవకోయా దగ్గర ఉంటుంది. ఫ్రెంచ్ దారిలో వచ్చేవాళ్లు చివరి రోజు దాని రన్‌వే అంచు పక్కనుంచే నడిచి వస్తారు. ఊళ్లోంచి 6ఎ సిటీ బస్సు టికెట్ యూరో మాత్రమే. టాక్సీకి 20 యూరోల పైన అవుతుంది. నలుగురు కలిస్తే అదీ భారం కాదు.

మాడ్రిడ్, బార్సిలోనాలకు ఇక్కడి నుంచి ఫ్లైట్లు ఉంటాయి. విమానం నిజంగా లాభించేది ఒక సందర్భంలో. ఇండియా టికెట్‌లోనే సాంటియాగో–మాడ్రిడ్ ముక్క కూడా కలిసి, ఒకే బుకింగ్‌గా వచ్చినప్పుడు. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా వేరే విమానంలో పంపాల్సిన బాధ్యత వాళ్లదే, సామాను కూడా సాధారణంగా నేరుగా హైదరాబాద్‌కు ట్యాగ్ అవుతుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. అయితే దానికీ తేదీ బంధం ఉంటుందని మరవకండి.

వేర్వేరుగా కొనే చవక ఎయిర్‌లైన్స్ విషయంలో సంచి పెద్ద సమస్య. రయానైర్‌లో ఉచితంగా తీసుకెళ్లే సంచి కొలత 40, 30, 20 సెంటీమీటర్లు. నెల రోజులు మోసిన 35, 40 లీటర్ల సంచి అందులో పట్టదు. నడక కర్రల్ని కేబిన్‌లోకి రానివ్వరు. అంటే సంచిని చెక్-ఇన్‌లో వేయక తప్పదు. గేటు దగ్గర కట్టే చార్జీ, ముందే ఆన్‌లైన్‌లో కట్టేదానికంటే ఎక్కువ. పైగా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు చెక్-ఇన్ సామాను లేకపోయినా కౌంటర్ దగ్గర పత్రాలు చూపించాల్సి ఉంటుంది. దానికి సమయం పెట్టుకోండి. 2025 నవంబర్ నుంచి రయానైర్ కాగితం బోర్డింగ్ పాస్ తీసేసి ఫోన్లోనే చూపించమంటోంది. బయల్దేరే రోజు ఫోన్ చార్జింగ్ నిండా ఉండాలి.

చవక ఎయిర్‌లైన్స్ సాంటియాగోలో రూట్లు పెంచడం తగ్గించడం తరచూ జరుగుతుంది. రయానైర్ 2025లో ఇక్కడి తన బేస్‌నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి పాత యాత్రికుల వీడియోలు చూసి "సాంటియాగో నుంచి ఫలానా ఊరికి నేరుగా ఫ్లైట్ ఉంది" అని లెక్క వేసుకోకండి. మీ నెలకు ఉందో లేదో విమానాశ్రయం వెబ్‌సైట్‌లో చూసుకోండి.

## పోర్టో మీదుగా

నాకు బాగా నచ్చిన ప్రత్యామ్నాయం ఇది. సాంటియాగో నుంచి దక్షిణంగా పోర్చుగల్‌లోని పోర్టోకు బస్సులు ఉన్నాయి. కొన్ని పోర్టో విమానాశ్రయం దగ్గరే ఆగుతాయి. అక్కడి నుంచి యూరప్ ఊళ్లకు చవక ఫ్లైట్లు సాంటియాగో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. జర్మనీ, నెదర్లాండ్స్, ఫ్రాన్స్, ఐర్లాండ్‌లలో ఉండే మనవాళ్లకు ముందుగా వెతకాల్సింది ఇదే. రైలంటే ఇష్టమైతే సాంటియాగో నుంచి వీగో, వీగో నుంచి పోర్టోకు సెల్టా రైలు. అది రోజుకు రెండే సార్లు నడుస్తుంది, వేళలు చూసుకోవాలి. లిస్బన్ నుంచి ఇండియా ఫ్లైట్ ఉన్నవాళ్లు పోర్టోలో రైలు మారితే ఇంకో మూడు గంటల్లో చేరతారు.

పోర్చుగల్ గడియారం స్పెయిన్ కంటే గంట వెనక ఉంటుంది. బస్సు టికెట్ మీద బయల్దేరే వేళ స్పెయిన్‌ది, చేరే వేళ పోర్చుగల్‌ది. పోర్టో వెళ్లేటప్పుడు ఆ గంట కలిసొస్తుంది, సాంటియాగో వైపు వచ్చేటప్పుడు పోతుంది. ఇది తెలియక కనెక్షన్ పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. రెండూ షెంజెన్‌లోనివే కాబట్టి వీసా గొడవ లేదు.

పోర్టో నుంచి మొదలుపెట్టి పోర్చుగీస్ దారి నడిచేవాళ్లకైతే ఇది మరీ సులువు. రానుపోను టికెట్ పోర్టోకే తీసుకుంటే, నడిచి వెళ్లిన దారినే బస్సులో నాలుగు గంటల్లో వెనక్కి వచ్చేస్తారు.

## మీది ఏ పరిస్థితి?

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ నుంచి వెళ్తుంటే. మాడ్రిడ్‌కు రానుపోను టికెట్. ఎమిరేట్స్, ఖతార్, ఎతిహాద్‌లు గల్ఫ్ మీదుగా మాడ్రిడ్‌నూ హైదరాబాద్‌నూ కలుపుతాయి. లుఫ్తాన్సాలో అయితే ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రావొచ్చు. వెళ్లేటప్పుడు మాడ్రిడ్ నుంచి పాంప్లోనాకు రైల్లో వెళ్లి, అక్కడి నుంచి సాన్-జాన్‌కు చేరొచ్చు. సరియా నుంచి చివరి భాగం మాత్రమే నడిచేవాళ్లకూ మాడ్రిడే అనుకూలం. వెళ్లేది ప్యారిస్‌కు, వచ్చేది మాడ్రిడ్ నుంచి అనే మల్టీ-సిటీ టికెట్ కూడా ఒకసారి ధర చూడండి, ఒక్కోసారి తేడా ఉండదు. విడిగా వన్-వే కొనడం మాత్రం పెద్ద ఎయిర్‌లైన్స్‌లో సాధారణంగా నష్టమే. తేదీ మార్పుకు ఎంత తీసుకుంటారో కొనేముందే చదవండి. నా ఉద్దేశంలో డబ్బు పెట్టాల్సిన చోటు అదే.

లండన్ మీదుగా చవకగా దొరికితే. ఇక్కడ చాలా జాగ్రత్త. స్పెయిన్ నుంచి లండన్ స్టాన్‌స్టెడ్‌కు చవక ఫ్లైట్, హీత్రూ నుంచి హైదరాబాద్‌కు ఇంకో ఫ్లైట్ అని సైట్లు కలిపి చూపిస్తాయి, ధర నోరూరిస్తుంది. విమానాశ్రయం మారాలంటే బ్రిటన్‌లోకి అడుగుపెట్టాలి, దానికి బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి. ఒకే విమానాశ్రయంలో లోపల్నుంచే మారినా ఇండియన్ పాస్‌పోర్ట్‌కు ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా అడుగుతారు. మినహాయింపులు ఉన్నాయి గానీ షెంజెన్ టూరిస్ట్ వీసా ఉన్నంత మాత్రాన సరిపోదు. పత్రాలు సరిగా లేకపోతే స్పెయిన్‌లోనే విమానం ఎక్కనివ్వరు. సింగిల్ ఎంట్రీ వీసా అయితే ఒకసారి బయటికెళ్లాక మళ్లీ షెంజెన్‌లోకి రావడమూ కుదరదు.

జర్మనీలో చదువుకుంటున్న పిల్లలు. పోర్టో బస్సు, అక్కడి నుంచి చవక ఫ్లైట్. తేదీ ఖాయం కాకపోతే వారం మధ్యలో రెండు మూడు రోజుల ధరలు గమనిస్తూ ఉండండి. సాంటియాగో నుంచి బస్సుల్లోనే జర్మనీ దాకా వెళ్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఒక రోజుకు పైగా కూర్చునే ప్రయాణం, తిండి ఖర్చు కలిపితే మిగిలేది పెద్దగా ఉండదు. యూరప్ రైళ్లలో తిరగడానికి ఇచ్చే ఇంటర్‌రైల్ పాస్ ఉన్నా స్పెయిన్, ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లకు సీటు రిజర్వేషన్ విడిగా కొనాల్సిందే.

అమ్మానాన్నలతో వెళ్తుంటే. పగటి రైలు, మాడ్రిడ్‌లో ఒక రాత్రి విశ్రాంతి, మర్నాడు విమానం. ఇందులో పొదుపు చేయబోతే అసలుకే ఎసరు. వీల్‌చైర్ సాయం కావాలంటే విమానం కంపెనీకి కనీసం 48 గంటల ముందు చెప్పండి, దానికి డబ్బు తీసుకోరు.

## మిగిలిన రోజుల్ని ఏం చేసుకోవాలి

మూడు రోజులు ముందే చేరిపోతే టికెట్ మార్చుకోవడానికి డబ్బు తగలేయకండి. సాంటియాగోలో ఆల్బెర్గె (యాత్రికుల హాస్టల్) మంచం ఖర్చు టికెట్ మార్పు చార్జీలో చిన్న ముక్క. యాత్రికుల ఆఫీసులో, నడక పూర్తిచేసినట్టు ఇచ్చే కంపోస్టెలా పత్రం తీసుకోండి. మోన్‌బస్ కంపెనీ బస్సులో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఫినిస్టెరేకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావొచ్చు. ఓపిక ఉంటే ఆ 90 కిలోమీటర్లూ నడిచి, వచ్చేటప్పుడు బస్సెక్కొచ్చు.

నడక కర్రలు, అవసరం తీరిన బట్టలు తగ్గించుకోవాలంటే కొర్రెయోస్ పోస్టాఫీసు ఉంది. యూరప్‌లో చిరునామా ఉంటే అక్కడికి పార్శిల్ చేసేయొచ్చు. ఇండియాకు పంపడం ఖరీదు, దానికంటే సంచిలోనే కట్టి చెక్-ఇన్‌లో వేయడం మేలు. అరిగిపోయిన కర్రలైతే ఆల్బెర్గెలో అడిగి చూడండి, వేరే యాత్రికుడికి పనికొస్తాయి.

2027లో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఈ యాత్ర ఎవరి పేరున సాగుతుందో ఆ సెయింట్ జేమ్స్ పండగ జులై 25. అది ఆదివారం వచ్చిన ఏడాదిని పవిత్ర సంవత్సరంగా జరుపుతారు, 2027 అలాంటిదే. మామూలు ఏడాది 2024లోనే దాదాపు 5 లక్షల మంది యాత్రికులు కంపోస్టెలా పత్రం తీసుకున్నారు. 2027 జులై, ఆగస్టుల్లో నడక చివరి వారం దాకా ఆగి రైలు టికెట్ కొందామన్న పై సలహా పనిచేయదు. ఏప్రిల్‌లోనో సెప్టెంబర్ చివర్లోనో నడక పెట్టుకోండి. జులైలోనే వెళ్లాలనుకుంటే మాడ్రిడ్ రైలు అమ్మకానికి వచ్చిన రోజే, మార్చుకునే వీలున్న రకం టికెట్ కొనేయండి.